జీపులో నాపబండ

మొన్న ఆదివారం మా అల్లుడు అన్నం తింటూ తింటూ, ఈసారి సెలవుల్లో కాశీ చూడటానికి కారులోనే పోదామన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడో లేదో, ప్రయాణమంతా ఖరారైపోయింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పడుకోవాలో, ఏ ఊళ్లో మన ఇడ్లీ దొరుకుతుందో అన్నీ ఫోనులోనే తేలిపోయాయి. నంద్యాల నుంచి కర్నూలు, హైదరాబాదు, నాగపూరు మీదుగా పోయే నీలం గీతను నా ముందు పెట్టి, రోడ్డు ఎంత బాగుందో చూడమన్నాడు. చూశాను. నాగపూరు దాటాక ఆ గీత పక్కన సివనీ అనే పేరు కనబడేసరికి ఇక మిగతా మాటలేవీ నా చెవికెక్కలేదు. నలభై ఏళ్ల కిందటే నేనా రోడ్డు మీద పోయానని, దానికి తయారు కావడానికే మాకు మూడు నెలలు పట్టిందని చెబితే ఆ పిల్లవాడు నమ్మడు. మీరైతే నమ్ముతారు. పక్క జిల్లాకు పోవాలన్నా మంచం కింది ట్రంకుపెట్టె లాగి వారం ముందే దుమ్ము దులిపిన వాళ్లమే కదా మనమంతా.

అప్పట్లో మా ఇల్లు ఆళ్లగడ్డలో. నాయన కొద్దిపాటి నల్లరేగడిలో జొన్న, పత్తి పండించేవాడు. నేను టీచర్ ట్రైనింగు ముగించుకుని ఊళ్లోనే ఒక బడిలో కొత్తగా చేరాను. నాయనకు ఒక్కడే తమ్ముడు, మా చిన్నాయన, లారీ డ్రైవరు. కొలిమిగుండ్ల దిక్కున గనుల్లో తీసే నాపబండలు వేసుకుని ఉత్తరాదికి పోయేవాడు, వచ్చేటప్పుడు నాగపూరు కమలాపండ్లు తెచ్చి నా ఒళ్లో పోసేవాడు, పెళ్లి మాటెత్తితే మాత్రం లారీ కడగాలని లేచి వెళ్లిపోయేవాడు. అట్లా పోయినవాడు ఒకసారి రాలేదు. సివనీ దగ్గర జ్వరంతో పడిపోయి, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. మేము క్రైస్తవులమని క్లీనరు చెప్పగా, అక్కడి చిన్న చర్చి పాస్టరు గారు తమ సమాధుల తోటలోనే మట్టి చేయించారట. ఆ కబురు మాకు అందేసరికి అంతా అయిపోయి చాలా రోజులైంది.

అవ్వ, అంటే మా నాయనమ్మ, నమ్మలేదు. ఏడవలేదు కూడా. మాలో ఎవరైనా పోతే కొన్నాళ్లకు బంధువులూ సంఘస్థులూ చేరి ఆదరణ కూడిక పెట్టుకుంటారు. నాలుగు పాటలు పాడి, పోయినవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుని, అందరూ కలిసి అన్నం తిని వెళ్తారు. అవ్వ తన కొడుక్కి ఆ కూడిక జరగనివ్వలేదు. "ఎవుర్నో చూసి మావాడనుకున్నారు. యాడికి పోయినా వచ్చేటోడేలేప్పా, మీకేం తొందర?" అని నాయనను కసిరేది. అట్లా కొన్నేళ్లు గడిచాయి. మేమూ ఆమె ముందు చిన్నాయన మాట ఎత్తడం మానుకున్నాం. కన్నతల్లి ముందు కొడుకు పేరు దాచుకుని తిరగడం ఎంత కష్టమో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుసు.

ఒక చలికాలంలో ఆ దారిన తిరిగే లారీ డ్రైవరొకాయన వచ్చి, సమాధి మీద మన్ను కుంగిపోయిందని, కొయ్య సిలువ చెదలు పట్టిందని, ఇంకో వానాకాలం గడిస్తే ఆనవాలు కూడా దొరకదని చెప్పిపోయాడు. ఆ రాత్రే నాయన నిశ్చయించుకున్నాడు: వానలు పడకముందే పోవాలి, పేరు చెక్కిన బండ వేసి రావాలి. అవ్వకు మాత్రం బండ సంగతి చెప్పలేదు. ఆ తావు ఒకసారి చూసి, పాస్టరు గారిని అడిగి వద్దామని మాత్రం అన్నాడు. అవ్వ వస్తానంది గానీ, రైలు వద్దంది. "పోతే వాడు పోయిన దోవలోనే పోదాం. రైల్లో పోతే దోవలో ఎవురిని అడిగేది?" అంది. లారీలు ఆగే ప్రతి హోటలు దగ్గరా దిగి కొడుకు గురించి విచారించాలని ఆమె లెక్క.

ఇక మొదలైంది హడావిడి. నంద్యాలలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న మామ ఒకాయన ఉండేవాడు. ముస్లిం, చిన్నాయనకు చిన్నప్పటి నుంచీ ప్రాణస్నేహితుడు, మాకు చుట్టం కాని చుట్టం. మిలిటరీ వేలంలో కొన్న పాత జీపొకటి ఆయన షెడ్డులో ఇటుకల మీద కూర్చుని ఉండేది. దాన్నే లేపుతానన్నాడు. ఇంజను విప్పాడు, బండి బరువు మోసే కమాన్ పట్టీలు మార్చాడు, రేడియేటరుకు మాట్లు వేశాడు, టాపు గుడ్డ కొత్తది కుట్టించాడు. ప్రతి శనివారం నాయన పని చూద్దామని బస్సెక్కి నంద్యాల పోవడం, ఇంకో వారం పడుతుందనే కబురుతో తిరిగి రావడం మాకు అలవాటైపోయింది. ఒకసారి జీపు బాగానే నడిచింది గానీ ఆగమంటే ఆగలేదు. షెడ్డు ఎదుట ఉన్న గడ్డివాములోకి పోయి నిలబడింది. మామ గడ్డి దులుపుకుంటూ దిగి, బ్రేకులు తప్ప అన్నీ సరిగా ఉన్నాయని ఎంతో తృప్తిగా చెప్పాడట.

నాకు అప్పజెప్పిన పని భాష. హిందీ పరీక్షలు వరుసగా పాసైన పిల్లనని ఇంట్లో అందరికీ గొప్ప నమ్మకం. దారి అడగడం, డీజిలు అడగడం, పాస్టరు గారితో మాట్లాడటం అన్నీ నేనే చూసుకోవాలి. పుస్తకాల్లో నేర్చిన ఆ హిందీని మామ ముందు ఒకరోజు ప్రయోగించాను. ఆయన స్పానరు కింద పెట్టి మరీ విన్నాడు. "నీ హిందీ ఇంటే పోలీసోళ్లు గూడా లేసి దండం పెడ్తారు పాపా. దోవ మాత్రం చెప్పరు" అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చి రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు, ఆయనకు ఆ సంగతి తెలిసినట్టు కూడా లేదు.

ఇంట్లో అమ్మ వంటింటిని మూటలుగా మారుస్తోంది. అక్కడి తిండి పడదని ఎండబెట్టిన జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, ఊరగాయ జాడీలు, ఆ నీళ్లు పడవని రెండు పెద్ద క్యాన్ల నిండా మన బావి నీళ్లు. అవ్వ మాత్రం తన సర్దుడు తాను సర్దుకుంటోంది. బజారుకు పోయి గళ్ల లుంగీ ఒకటి కొనుక్కొచ్చింది. రెండు చొక్కాల గుడ్డ తెచ్చి దర్జీకిచ్చి, మనిషి ఈపాటికి ఒళ్లు చేసి ఉంటాడు, కొంచెం వదులుగా కుట్టమని చెప్పింది. ఆ మాట విని దర్జీ మా అమ్మ ముఖం కేసి చూశాడట. అమ్మ ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. అవ్వ బతికున్న కొడుకును తీసుకురావడానికి పోతోంది, మేము సమాధికి బండ వేయడానికి పోతున్నాం, అందరం ఒకే జీపులో. సివనీలో దిగాక ఆమె ఏమవుతుందోనని నాయనకు నిద్ర పట్టేది కాదు. ఈ ముసలి ప్రాణాన్ని అంత దూరం తీసుకుపోయి అక్కడే పోగొట్టుకొస్తామేమోనని ఒకసారి పైకే అన్నాడు.

బండ కొలిమిగుండ్ల నుంచి వచ్చింది. నున్నగా, నల్లగా, మీద చిన్నాయన పేరు తెలుగులో. దాన్ని షెడ్డులోనే దాచి, బయలుదేరే రోజు తెల్లవారుజామున మామ జీపులో వేసుకొచ్చాడు. అవ్వ కంట పడకుండా ఎక్కడ పెట్టాలి అన్నదానికి నాయనా మామా కలిసి కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, జీపు నేల మీద పేరున్న వైపు కిందికి వచ్చేలా బోర్లా పరిచి, పైన గోనెపట్టాలు కప్పడం. అమ్మకూ నాకూ అందులో తప్పేమీ తోచలేదు. మీది మా ప్రాంతమైతే మీకూ తోచదు. నేల నాపబండ, అరుగు నాపబండ, పశువుల గాటిపాడు నాపబండ, గోడకు కూడా అవే. పుట్టినప్పటి నుంచి బండ మీద నడిచి, బండ మీద కూర్చుని, ఎండాకాలం బండ మీద పడుకున్న వాళ్లం. కాళ్ల కింద బండ ఉంటే మాకది బండే, అంతకు మించి ఆలోచన రాదు.

అందరం ఎక్కాం. ఎదురెదురు సీట్లలో అమ్మా నేనూ ఒకవైపు, మూటలూ అవ్వా ఒకవైపు. సాగనంపడానికి వీధిలో వాళ్లంతా వచ్చారు. మా చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు. మామ ఇంజను పట్టించాడు. అప్పుడు అవ్వ కాలితో గోనెపట్టాను కొంచెం జరిపింది.

"కాళ్ల కింద ఏందప్పా ఇది?"

"రేకు తుప్పు పట్టిందమ్మా. బండ పరిచినా" అన్నాడు మామ, వెనక్కి తిరక్కుండా.

"ఉత్త బండేనా? పేరుండే బండా?"

మామ ఇంజను ఆపేశాడు. నాయన ముందు సీట్లో తల వంచుకుని కూర్చున్నాడు. అవ్వ కోపం చేసుకుంటుందని, దిగిపోతుందని, ఇన్నాళ్ల పాట్లన్నీ ఇక్కడితో సరి అని నేను అనుకున్నాను. ఆమె రెండు కాళ్లూ పైకి తీసుకుని సీటు మీద మఠం వేసుకుంది.

"కాళ్లు తీయండి" అంది మా ఇద్దరితో. "వాని మీద కాళ్లు పెడతారేంది?"

వాని మీద, అంది. అన్నేళ్లలో మొదటిసారి. అమ్మా నేనూ గబాలున కాళ్లు పైకి లాక్కున్నాం. మామ దిగి వచ్చి జీపు వెనక నిలబడి, పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. స్నేహితుడి కోసం ఆయన ఏడవడం మేము చూడటం కూడా అదే మొదలు. ఆమెకు బండ సంగతి ఎప్పటి నుంచి తెలుసో, చొక్కాలు కుట్టించే నాటికే తెలుసో, ఆ పొద్దునే తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం ఎవరికీ రాలేదు.

మూటలన్నీ దించి, బండను నిలబెట్టి, బొంతలు చుట్టి, రెండు సీట్ల మధ్య తాళ్లతో కట్టారు. ఊరగాయ జాడీలు సగం, నీళ్ల క్యాన్లు రెండూ అరుగు మీదే ఉండిపోయాయి. సివనీ దాకా అవ్వ ఆ బొంత మీద ఒక చెయ్యి వేసుకుని కూర్చుంది. లారీలు ఆగిన ప్రతి హోటలు దగ్గరా మేమూ ఆగాం. ఆమె ఒక్కచోటా దిగి ఎవరినీ ఏమీ అడగలేదు. నా హిందీ కూడా పెద్దగా అక్కరకు రాలేదు, మామ తన ఉర్దూతోనే మమ్మల్ని గట్టెక్కించాడు. సమాధుల తోటలో బండ పరిచాక అవ్వ నేల మీద కూలబడి, అన్నేళ్ల ఏడుపూ ఏడ్చింది. ఆ చొక్కాలూ లుంగీ సమాధి తవ్వినాయనను పిలిపించి ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో, ఇంటికి పోయినాక కూడిక పెట్టించమని నాయనకు తనే చెప్పింది.

ఆ మూడు నెలలూ మేము జీపును తయారు చేస్తున్నామనుకున్నాం. తయారవుతున్నది అవ్వ అని ఎవరికీ తట్టలేదు. బ్రేకులు పట్టకపోయినా, పట్టీలు దొరకకపోయినా విసుక్కున్నాం గానీ, ఆ ఆలస్యమంతా ఆమెకు ఎంత అవసరమో నాకు ఈ వయసులో గానీ అర్థం కాలేదు.

ఇప్పుడు దేనికీ ఆలస్యం లేదు. ఆ ప్రయాణం నాటికే పెళ్లై వెళ్లిపోయిన మా అక్క, నిరుడు పూణేలో కొడుకు దగ్గర ఉండగా కన్నుమూసింది. నా మోకాళ్లతో నేను పోలేకపోయాను, పిల్లలు అంతా ఫోనులోనే చూపించారు: పాస్టరు గారి ప్రార్థన, పెట్టె దించడం, అందరూ తలా పిడికెడు మన్ను వేయడం. మధ్యాహ్నానికి అయిపోయింది. వాళ్లేమీ తక్కువ చేయలేదు, నేను మొదటి నుంచి చివరి దాకా కళ్లారా చూశాను. అయినా ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, అక్క ప్రతివారం నాకు ఫోను చేసే వేళకు, ఇప్పటికీ నేను ఏ పనీ పెట్టుకోను.