పీటల మీద ఎవరు

“...అయితే మీరు లోపలికెళ్లి పడుకోండి, మమ్మల్ని చూడనివ్వండి,” అంది వసుంధర.

“ఒక్క యుద్ధం చెయ్యని మనిషికి ఛాతీ నిండా ఆ పతకాలేమిటని అడిగాను. అంతేగా,” అన్నాడు రమణ.

“ఇందాక కిరీటం గురించి అడిగారు. అంతకు ముందు గుర్రాల గురించి.”

టీవీలో యూరప్‌లోని ఒక చిన్న దేశపు రాజు కూతురి పెళ్లి చేస్తున్నాడు. సింగపూర్ బుకిట్ బటోక్‌లోని తమ ఫ్లాట్‌లో భార్య, కూతురు సోఫా అంచుకు జరిగి చూస్తున్నారు. రమణకి రాజులంటే గిట్టదు. పురోహితులన్నా, ముహూర్తాలన్నా గిట్టదు. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసుకునే ఆయన, తెలిసినవాళ్ల ఇంట్లో వ్రతమంటే సరిగ్గా భోజనం వేళకి వెళ్తాడు.

వచ్చే నెలలో ఆయన కూతురు ఆమని పెళ్లి. పెళ్లికొడుకు కాళ్లు మాత్రం కడగనని రమణ ముందే చెప్పేశాడు. తన పెళ్లిలో మామగారు నడుం నొప్పితో వంగలేక వంగి తన పాదాలు కడుగుతుంటే, సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఆ పని తనతోనే ఆగిపోవాలన్నాడు. కాళ్లు కడగకపోతే అది పెళ్లే కాదన్నారు మగపెళ్లివారు. చివరికి వసుంధర తన తమ్ముణ్ని ఒప్పించింది. బాలు, అతని భార్య లత పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తారు. రమణ తేలిగ్గానే సరేనన్నాడు.

బిషాన్‌లోని తన ఇంటి నుంచి ఆ బాలు ఫోన్ చేశాడు. వసుంధర స్పీకర్‌లో పెట్టింది.

“బావగారూ, మీ నాన్నగారి పేరు రామన్నగారని తెలుసు. ఆమని ముత్తాతగారి పేరేమిటి? ప్రవరలో చెప్పాలట.”

“నీకెందుకు?”

“కన్యాదాతని నేనే కదా. అందరి ముందూ తడుముకుంటే బాగుంటుందా?”

“మా తాతముత్తాతల్ని కూడా తీసేసుకుంటావన్న మాట.”

“పెళ్లయ్యాక తిరిగిచ్చేస్తాను లెండి,” బాలు నవ్వాడు. “పట్టుపంచె వచ్చింది. కట్టుకున్న ఫోటో పంపాను, చూడండి.”

రమణ తన ఫోన్ తీశాడు. బాలు పొట్ట లోపలికి లాగి నిలబడ్డాడు. ముఖంలో అప్పుడే పిల్లనిచ్చిన గాంభీర్యం. రమణ ఫోటోని పెద్దది చేసి, అంచు నుంచి అంచుకి జరిపాడు.

“పంచె పొట్టిగా ఉంది.”

“బాగానే ఉందిగా,” అంది వసుంధర.

“ఇంట్లో ఒకసారి చేసి చూసుకున్నాం కూడా,” అన్నాడు బాలు. “లత చెంబుతో నీళ్లు పోస్తుంది. నేను ఆమని చెయ్యి పట్టుకుని అబ్బాయి చేతిలో పెట్టాలి. ఆమని బదులు దిండు పెట్టుకున్నాం లెండి.”

“మామయ్యా, నేను దిండునా?” అంది ఆమని.

“దిండే నయం తల్లీ. ఎదురు మాట్లాడలేదు.”

ఆమని నవ్వింది. తన మాటలకి కూతురు అలా నవ్వి ఎన్నాళ్లయిందో రమణకి గుర్తు రాలేదు.

“నాన్నా, చూడు,” ఆమని టీవీ వైపు చూపించింది. “ఆయన కూతురితో ఎంత మెల్లగా నడుస్తున్నాడో. సో స్వీట్.”

రాజు కూతురితో వేదిక దాకా నడిచి ఆగాడు. తన మోచేతి మీదున్న ఆమె చేతిని తీసి, వెంటనే ఇవ్వకుండా, కాసేపు తన రెండు చేతుల్లోనూ ఉంచుకున్నాడు. పెళ్లికొడుకు చెయ్యి చాచి ఎదురుచూస్తున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆమని కళ్లు తుడుచుకుంది.

ఆ మనిషికి కోట ఉంది, సైన్యం ఉంది, పతకాలున్నాయి. ఇది కూడా ఉంది. రమణకి అతణ్ని చూడబుద్ధి కాలేదు. చూపు తిప్పుకోనూ లేకపోయాడు.

“బావగారూ, ఉన్నారా? ముత్తాతగారి పేరు?”

“ఆ పేరు నేను చెప్పుకుంటాను,” అన్నాడు రమణ. “పీటల మీద నేనే కూర్చుంటాను. పళ్లెం, చెంబు సిద్ధంగా ఉంచమని పంతులుగారికి చెప్పు.”