ఖాళీ బోరును దాచని మనిషి

మొన్న ఆదివారం తెల్లవారుతుండగా మా పొరుగింటి ఆయన కన్నుమూశారన్న కబురు వచ్చింది. ఆయన భూగర్భ శాస్త్రజ్ఞుడు. నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మా ఇళ్ళ మధ్య ఉన్నది నడుమెత్తు ప్రహరీ. దానిమీద మోచేతులు ఆనించి ఇన్నేళ్ళూ వాదించుకున్నాం. నా వాక్యాల్లో తప్పు ఆయనకు దొరకలేదు. ఆయన మాటల్లో అబద్ధం నాకు దొరకలేదు.

మా పర్చూరులో కొందరు ఆయనను ఇప్పటికీ నిందిస్తున్నారు. వారికి జవాబు చెప్పకుండా ఆయనను తలచుకోవడం నాకు చేతకాదు.

ఆయన పనిచేసింది వినుకొండ అవతల గుట్టల్లో బోర్లు వేసి రాగి కోసం వెదికే ఒక చిన్న గనుల సంస్థలో. రాగి దొరికిందనగానే మా మిరప రైతులు కొందరు ఆ సంస్థ షేర్లు కొన్నారు. మళ్ళీ మళ్ళీ రాగి దొరికింది. షేరు మాత్రం లేవలేదు. ఎదురింటి రైతు ఒకనాడు గోడ దగ్గరికి వచ్చి నిలదీశాడు.

"ఏవండీ, రాగి పడిందంటారు, రేటు చూస్తే పడకేసింది. ఎవుర్ని నమ్మమంటారు?"

"రాగి ఇంకా నేలలోనే ఉందయ్యా. నువ్వు నారు పోసిన రోజే మిర్చి యార్డుకెళ్ళి ధర అడుగుతావా? అనుమతులు రావాలి, దారి పడాలి, గని తవ్వాలి. అందాకా కంపెనీకి రాబడి లేదు. కొత్త బోరు వేయాలంటే కొత్త షేర్లు అమ్ముకోవాలి. పొలం పెరుగుతోంది, నిజమే. అన్నదమ్ములూ పెరుగుతున్నారు. ఇంక నీ వాటా ఎక్కడ పెరుగుద్ది?"

"ఈ ముక్క కొనేటప్పుడు చెప్పలేదేం?"

"నన్నడిగి కొన్నావా?"

అసలు కోపం తరువాత వచ్చింది. ఒక బోరులో మేలైన రాగి పడింది. చుట్టూ వేసినవన్నీ ఖాళీగా పోయాయి. మంచి బోరు సంగతి ఒక్కటే ప్రకటిద్దామన్నారు యజమానులు. ఖాళీవీ చెప్పకపోతే ప్రకటన మీద సంతకం చేయనన్నారు ఈయన. ఉద్యోగం పోతుందని తెలిసీ బెదరలేదు. శాస్త్రజ్ఞుడి సంతకం లేనిదే ప్రకటన చెల్లదు గనుక చివరికి అన్నీ ప్రకటించక తప్పలేదు. షేరు ఇంకా దిగింది. కొద్దికాలానికే ఆయనను ఇంటికి పంపారు.

ఈసారి రైతు కేకలు వేస్తూ వచ్చాడు. "నోరు మూసుకుంటే మీ సొమ్మేం పోయిందండీ? లేచేదాన్ని మీరే తొక్కేశారు!"

ఆయన గొంతు పెంచలేదు. "బస్తా మూతి దగ్గర ఎర్రకాయ పోసి, అడుగున తెల్లబారిన తాలుకాయ కుక్కి యార్డుకు తోలేవాణ్ణి నువ్వేమంటావు?"

మా ప్రాంతంలో ఆ ప్రశ్నకు ఎదురుండదు. తాలు కుక్కిన బస్తా ఒక్కటి బయటపడితే చాలు, ఆ ఇంటి సరుకును కొనేవాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తారు. తెలిసిన న్యాయాన్ని మిరపకాయకు వర్తింపజేసి రాగికి వద్దన్నవాళ్ళు ఆయనను తప్పుపట్టడమేమిటి? ధరకు తొందర లేకపోవచ్చు. ధర కోసం ఆయనా తొందరపడి అబద్ధమాడలేదు. అందుకు నేను గర్విస్తున్నాను. వినేవాళ్ళు విందురు గాక.

నిన్న వారింట క్రైస్తవ పద్ధతిలో ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థన తరువాత ఎవరైనా లేచి పోయినవారి గురించి నాలుగు మాటలు చెప్పవచ్చు. రైతు లేచాడు.

"మంచాయనే, కాదన్ను. కానీ ఆ మంచితనానికి మా షేరు లేవలేదుగా."

నేను లేవబోయాను. ఆయన భార్య నాకంటే ముందే అందుకున్నది.

"లేవకపోతే కూర్చోనియ్యి తమ్ముడూ! అబద్ధం మీద లేచిందాన్ని మా ఆయన ఎన్నాళ్ళు మోస్తాడు?"

వెనక ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. రైతు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నేనేం ఆ షేర్లు అమ్మట్లేదులే అక్కా. ఆయన రాగి ఉందన్నచోట ఉంటది."

కూడిక ముగిశాక అందరం సమాధి దగ్గరికి వెళ్ళాం. తలవైపు ఆమె ఒక గుండ్రటి రాతి కడ్డీని నిలబెట్టింది. ఉద్యోగం పోయి వచ్చేనాడు ఆయన అడిగి తెచ్చుకున్నది అదొక్కటే. ఖాళీ బోరులోంచి తీసిన రాయి. బంతిపూల మధ్య బూడిదరంగులో నిలబడి ఉంది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వంగి, మెరుపు కోసం వెదికి, మెల్లగా నిటారుగా లేస్తున్నారు.