పగడాల గోడ దాకా మాటల్లేని ప్రయాణం

బంద్ రోజున ప్రయాణం పెట్టుకోకూడదని ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడిచే ఆ రోజుల్లో హైదరాబాదులో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ మేం టికెట్లు కొన్నది ఆరు నెలల ముందు, బంద్ ప్రకటించింది రెండు రోజుల ముందు. అందుకని మధ్యాహ్నం రెండింటికే కొత్తపేటలో ఇంటికి తాళం వేసి, భుజాన సంచీతో కాచిగూడ స్టేషన్‌కి నడక మొదలుపెట్టాను. దిల్‌సుఖ్‌నగర్ పొడవునా షట్టర్లు దించి ఉన్నాయి. నాకు యాభై అడుగుల ముందు అదే స్టేషన్‌కి, అదే రైలుకి, నా పక్క సీటుకి నర్సింహ నడుస్తున్నాడు. నేను వేగం పెంచలేదు. అతను తగ్గించలేదు.

ఇద్దరం ఒకే కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతాం. అతను కెమిస్ట్రీ, నేను ఫిజిక్స్. అతనిది హైదరాబాదు పక్కనే అల్మాస్‌గూడ, నాది తెనాలి. పన్నెండేళ్లు ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుని తిన్నాం. నా డబ్బాలో గోంగూర సగం అతనిదే. అండమాన్ వెళ్లి, వీపున గాలి సిలిండర్‌తో సముద్రంలోకి దిగే స్కూబా నేర్చుకోవాలన్న పిచ్చి కూడా ఇద్దరికీ ఒకేసారి పట్టింది. టికెట్లు కొన్న రెండు నెలలకు స్టాఫ్ రూములో నదీజలాల మీద మాటా మాటా పెరిగి, "మేం రాకపోతే ఈ దిల్‌సుఖ్‌నగర్ ఎక్కడుండేది?" అనేశాను. నర్సింహ డబ్బాకు మూత పెట్టి లేచి వెళ్లిపోయాడు. నాలుగు నెలలుగా మాటల్లేవు. టికెట్ అతనే రద్దు చేసుకుంటాడని నేను, నేనే చేసుకుంటానని అతను ఎదురుచూశాం.

రైలు అయిదింటికి కదిలింది. ఎదుటి సీట్లో ఉన్న నెల్లూరు పెద్దావిడ మమ్మల్ని మూడు గంటల పాటు గమనించి, "మీరిద్దరూ అన్నదమ్ములా నాయనా?" అంది.

"కాదండీ" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"సొంతవాళ్లు కాకుండానే ఇంత పంతం ఎట్టా కుదిరింది?" అని ఆశ్చర్యపోయింది.

మర్నాడు చెన్నై నుంచి విమానంలో పోర్ట్‌బ్లెయిర్, ఆ మర్నాడు ఉదయం ఆరున్నరకు బోటు, తొమ్మిదింటికి హావ్‌లాక్ దీవి. భోజనం ఎనభై రూపాయలు, చేప తాజాది. గది ఒకటే, మంచాలు రెండు.

నాలుగు రోజుల కోర్సు. నేర్పించే మలయాళీ మా ఫారాలు చూసి, "ఒకే ఊరివాళ్లు కదా, మీరిద్దరూ జత" అన్నాడు. మేం ఒకటో కాదో తేల్చడానికి ఢిల్లీలో పెద్దమనుషులు కమిటీలు వేసి కూర్చున్నారు. ఈయన అర నిమిషంలో తేల్చేశాడు. జత అంటే నీళ్లలో విడిపోకూడదు. ఒకరి బెల్టులు ఒకరు సరిచూడాలి. ఒకరికి గాలి అయిపోతే రెండోవాడు తన దగ్గరున్న రెండో గొట్టం అందించాలి. నర్సింహ నా బెల్టులు అవసరానికి మించి గట్టిగా లాగి చూశాడు.

నాలుగో రోజు ఉదయం తొమ్మిదింటికి పగడాల గోడ దగ్గర దిగాం. సముద్రం అడుగున ఉన్నట్టుండి నేల తెగి, గోడ నిలువునా నీలంలోకి దిగిపోతుంది. దాని మీద విసనకర్రల్లాంటి పగడాలు, సందుల్లోంచి తల బయటపెట్టి చూసే పాము చేపలు. మామిడి సీజన్లో గడ్డిఅన్నారం మార్కెట్ ఎంత పచ్చగా ఉంటుందో, అంత పచ్చటి చేపల గుంపు మమ్మల్ని చుట్టుకుని పోయింది. ఒక తాబేలు నా పక్కనే తీరిగ్గా వెళ్లింది. నాకు ఒళ్లు తెలియలేదు.

నీళ్లలో లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, సిలిండర్‌లో గాలి రెండు మూడు రెట్లు వేగంగా ఖర్చవుతుంది. ఈ లెక్క పదిహేనేళ్లుగా పిల్లల చేత చేయిస్తున్నాను. తాబేలును చూస్తూ నా మీటరు చూసుకోలేదు. పీల్చితే గాలి బరువుగా వచ్చింది, మరోసారి పీల్చితే రాలేదు. నేర్పించేవాడు దూరంగా ఇంకొకరితో ఉన్నాడు. భయంతో అరచేతిని గొంతుకు అడ్డంగా ఊపాను. గాలి అయిపోయిందని దానర్థం.

నర్సింహ క్షణం ఆలోచించలేదు. తన రెండో గొట్టం, పసుపు రంగుది, నా నోట్లో పెట్టి, నా చెయ్యి మోచేతి దగ్గర బిగించి పట్టుకున్నాడు. పైకి వచ్చేముందు, తగ్గే ఒత్తిడికి ఒళ్లు సర్దుకునేందుకు అయిదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాలి. నీళ్ల కోసం పోట్లాడుకున్న ఇద్దరం, చుట్టూ అంతులేని నీళ్లలో, ఒకే సిలిండర్ గాలి పీలుస్తూ ఎదురెదురుగా నిలబడ్డాం. నాలుగు నెలల్లో మొదటిసారి అతని మొహం సరిగ్గా చూశాను.

పడవెక్కాక నర్సింహ అద్దాలు తీసి నోరు విప్పాడు. "నేన్ రాకుంటే నువ్వు ఏడుండేటోనివి సారూ?"

క్షమాపణ అడగాల్సిన సమయం అదే. నాకు వాంతి అయింది.

డైవింగ్ తర్వాత ఒక రోజు దాకా విమానం ఎక్కనివ్వరు. కాబట్టి మీరు వెళితే ఒక రోజు అదనంగా పెట్టుకోండి, మీటరు చూసుకోండి, జతగాడితో మాటలు కలిపే వెళ్లండి. మేం ఆ ఒక్కరోజూ టీ, టవల్, తాళం చెవి లాంటి మాటలతో గడిపాం.

విమానం దిగి చెన్నైలో ఎక్కిన బస్సు, డైవింగ్ అయిన మూడో రోజు ఉదయం పదింటికి ఎల్బీనగర్ దగ్గర ఆగిపోయింది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు. ఉద్యమంవాళ్ల వంటావార్పు. ఆగిన బండ్లలోవాళ్లనూ పిలిచి పంక్తిలో కూర్చోబెడుతున్నారు. మేమూ కూర్చున్నాం. వడ్డించే అతను నా దగ్గర ఆగాడు.

"ఏ ఊరు సార్ మనది?"

నర్సింహ చెబుతాడని చూశాను. అతను తలొంచుకుని అన్నం కలుపుతున్నాడు.

"తెనాలి. పద్దెనిమిదేళ్లుగా కొత్తపేట" అన్నాను. గరిటె ఒక్క క్షణం గాల్లో ఆగింది.

"అయితే పుంటికూర పప్పు ఇంకింత ఏస్త. మంచిగ తినుండ్రి" అని వేసి వెళ్లాడు. మా గోంగూరే ఇక్కడ పుంటికూర.

"నర్సింహా, ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే."

"ఏ మాట?" అన్నాడు తలెత్తకుండా.

గాలి అడిగిన వెంటనే ఇచ్చాడు గానీ, క్షమించడానికి మాత్రం తొందరపడలేదు. నాకు వేరే దారి లేకపోయింది. "మేం రాకపోతే దిల్‌సుఖ్‌నగర్ ఎక్కడుండేదన్నాను కదా, అది" అని పలికాను. పక్క వరుసలో నలుగురు గిరుక్కున తిరిగారు.

"ఏం లేదన్నా" అన్నాడు నర్సింహ వాళ్లతో. "ఈయన ఫిజిక్స్ సారు. లెక్క తప్పిండు, దిద్దుకుంటుండు."

ఆ తర్వాత నా విస్తట్లోంచి పుంటికూర పప్పు సగం తన వైపు లాక్కున్నాడు.