పెద్దనాయన పళ్లు, నా ఇడ్లీలు

ఇప్పుడు ఏ ఇంట చూసినా ఇడ్లీ పాత్ర ఉంటుంది గానీ, ఆ రోజుల్లో మా వైపు ఇడ్లీ అంటే బస్టాండు పక్క హోటల్లో దొరికే వస్తువు. ఊరు దాటినవాళ్లు తినేది. ఇంట్లో తినేది జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి. వాటి మీద అరవై ఏళ్లు బతికిన మనిషిని పదిహేను రోజుల్లో మార్చేయగలనని నాకెందుకు అనిపించిందో ఇప్పటికీ అర్థం కాదు. (అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు, పెళ్లై నాలుగు నెలలు. అన్నం మాడకుండా దించడం అప్పుడప్పుడే పట్టుబడుతోంది.)

కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. మా ఆయన నంద్యాలలో కాలువల ఆఫీసు గుమాస్తా. స్టేషను దగ్గర రెండు గదుల్లో కాపురం. ఒకరోజు ఆళ్లగడ్డ బస్సు దిగి మా పెద్దనాయన వచ్చాడు. నాయన నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచి పెళ్లి చేసింది ఆయనే. పళ్లన్నీ కదులుతున్నాయని పీకించుకోవడానికి వచ్చాడు. పళ్ల డాక్టరు మిగిలిన తొమ్మిదీ పీకేసి, చిగుళ్లు మానేదాకా పదిహేను రోజులు ఇక్కడే ఉండాలనీ, మెత్తగా, చప్పగా ఉన్నవే తినాలనీ చెప్పాడు. నాకు లోలోపల సంతోషమే. నన్ను పెంచిన మనిషికి నా కాపురం ఎంత గొప్పగా ఉందో వండి చూపించవచ్చు.

మొదటిరోజు కారం లేకుండా సంగటి పెట్టాను. "కారం లేని సంగటి తినేదానికి నేనేమన్నా ఎద్దునా పాపా" అని మజ్జిగ తాగి పడుకున్నాడు. మర్నాడు బ్రెడ్డు తెప్పించి పాలలో నానబెట్టి ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది జబ్బు మనిషి తిండి. ఇది తింటాండానని ఆళ్లగడ్డలో తెలిస్తే, పెద్దాయన పోతాండాడంట అని చుట్టాలంతా బస్సెక్కుతారు" అన్నాడు. సేమ్యా పాయసం చూసి, "వాన పడినంక ఎర్రలు బయటికొచ్చినట్టుండాయే" అని గిన్నె పక్కకు జరిపాడు. ఉప్మా గురించి ఆయన అన్నది రాయను. (గోడలకు సంబంధించిన మాట.)

మూడు రోజులు మజ్జిగ మీదే ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నాకు భయం పట్టుకుంది. పెంచిన మనిషిని పస్తులు పెట్టి పంపిందని ఊరంతా అనుకోదా? పక్కింట్లో గుంటూరు నుంచి వచ్చిన పిన్నిగారు ఉండేవారు. ఆవిడ దగ్గర ఇడ్లీ పాత్ర అడిగి తెచ్చాను. పిండి మాత్రం రోట్లో రుబ్బాలని ఆవిడ మరీ మరీ చెప్పారు. మాకు రోలు లేదు. ఇంటిగలవాళ్ల రోలు అడగడానికి మొహమాటమని మా ఆయనకు చెప్పాను. అసలు సంగతి బద్ధకం. బియ్యం, మినపపప్పు మిషన్లో పొడి పట్టించి నీళ్లు కలిపేశాను.

పెద్దనాయన ఇడ్లీని వేలితో నొక్కాడు. "దీన్ని ఎట్ల తినాల?"

"నెయ్యి, చక్కెర అద్దుకొని తిను పెద్దనాయనా, బాగుంటాది."

"నెయ్యి, చక్కెర బాగుంటాయని నాకూ తెలుసు పాపా. మధ్యలో ఇదెందుకు?"

ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు దాన్ని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు పంపించాడు. "నాకు కొత్త తిండి పడదులేమ్మా" అని లేచాడు. నేను పట్టు వదలకుండా మరో మూడు రోజులు అవే చేశాను. ఆయన అదే మాట చెప్పి, గాలికి తిరిగొస్తానని కండువా వేసుకుని బయటికి పోయేవాడు. విచిత్రంగా మొహం మాత్రం తేరుకుంటోంది. నా మజ్జిగ మహిమే అనుకున్నాను.

ఎనిమిదోరోజు పొద్దున మా ఆయన కూరగాయల సంచి కింద పెట్టి నసిగాడు. "మామను హోటల్లో చూసినా. ఇడ్లీ తింటాండాడు. రెండో ప్లేటు."

నమ్మలేదు. అప్పట్లో ఆడపిల్ల ఒంటరిగా హోటలు వైపు పోవడం ఉందా? పోయాను. గుమ్మంలోంచే కనిపించాడు. సాంబారులో మునిగిన ఇడ్లీని కళ్లు మూసుకుని మింగుతున్నాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా నేను. స్పూను ఆగింది. "రా, కూచో" అన్నాడు. నాకూ ఒక ప్లేటు తెప్పించాడు.

"నేను చేస్తే పడదంటివి. ఈడెట్ల పడతాండాది?" ప్లేటు ముట్టకుండా అడిగాను.

"ముందు తిను."

తుంచబోయాను. తుంచకముందే విడిపోయింది. నోట్లో పెట్టుకుంటే కరిగింది. అప్పుడు తెలిసింది, నాలుగు రోజులుగా నేను చేస్తున్నది ఇడ్లీ కాదని.

"నీది మొదటిదినం నోట్లో వేసుకున్నా పాపా. పండ్లు ముందే పీకించుకోవడం మంచిదైంది" అన్నాడు మెల్లగా. "నాకు పడదంటే తప్పు నాది. బాగలేదంటే నీ మొగం చిన్నబోతాది. అందుకే పడదంటాండా."

ఏడుపొచ్చింది. దాని వెంటే నవ్వూ వచ్చింది. సాంబారు ముక్కులోకి పోయింది. హోటలంతా మమ్మల్నే చూసింది.

"పిండి యాడ రుబ్బుతాండావు?" అని అడిగాడు. మిషన్లో పట్టిస్తున్నానని ఒప్పుకున్నాను. తల పంకించాడు, అంతే. మిగిలిన వారం నేను అన్నం మెత్తగా ఉడికించి పెరుగు కలిపి పెడితే మారు మాట్లాడకుండా తిన్నాడు. పొద్దున మాత్రం దాచకుండా హోటలుకే పోయేవాడు.

ఆయన ఊరికి పోయిన పది రోజులకు ఆళ్లగడ్డ బస్సు మీద నాకొక రుబ్బురోలు దిగింది. నలుగురు పట్టి దించారు. ఊళ్లో విగ్రహాలు చెక్కే ఆచారి చేత కొట్టించాడట. అంచు చుట్టూ సన్నని తీగ కూడా చెక్కి ఉంది. కండక్టరు తన నడుము పట్టుకుని, పెద్దనాయన పంపిన మాట చెప్పాడు: "పండ్లు కట్టించుకునేదానికి వస్తానన్నాడమ్మా. ఆ లోపల నేర్చుకోమన్నాడు."

రెండు నెలలు రుబ్బాను. గుంటూరు పిన్నిగారు తిట్టారు, మా ఆయన సహించాడు. పెద్దనాయన వచ్చి, కొత్త పళ్లు పెట్టించుకుని, నేరుగా మా ఇంటికి వచ్చి పీట మీద కూచున్నాడు. రెండు ఇడ్లీలు తిన్నాడు. తర్వాత పళ్లసెట్టు తీసి నీళ్లగ్లాసులో వేసి, "ఇప్పుడు పెట్టు, చూస్తాం" అన్నాడు. పెట్టాను. బోసినోటితో మెల్లగా, సాంతం తిన్నాడు. గ్లాసులోని పళ్లే నన్ను చూసి నవ్వుతున్నట్టున్నాయి.

"ఇంకోటి వెయ్యి" అన్నాడు.

అంతకు మించిన మెచ్చుకోలు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రం ఇడ్లీ పాత్ర తిరిగి ఇవ్వడానికి పక్కింటికి పోతూ, నాలుగు అడుగుల దూరానికి పట్టుచీర కట్టుకుని పోయాను. పద్దెనిమిదేళ్ల ఆ పిల్ల ఇప్పుడు నాకు ఎదురైతే ఏమీ అనను. పక్కకు తొలగి దారిస్తాను.