హెల్మెట్‌తో నా ఫోటో

ఆ రోజుల్లో ప్రపంచంలో ఎక్కడ బాంబు పడినా మా పత్రిక డెస్క్ ఇన్‌ఛార్జి గారి మొదటి ప్రశ్న ఒకటే: "అక్కడ మనోళ్లెవరైనా ఉన్నారా?" (గల్ఫ్ పుణ్యమా అని ఎవరో ఒకరు ఉండేవారు.) రాజోలులో కొబ్బరి ధరలు రాసుకుంటున్న నన్ను సరిహద్దు యుద్ధానికి పంపుతున్నారని తెలిసి మా అమ్మ చర్చిలో ప్రార్థన పెట్టించింది. నేను మాత్రం అక్కడ దిగగానే ఓ జవాను హెల్మెట్ అడిగి పెట్టుకుని, ఫోటో దిగి పంపాను. దేశమంతా నా రాతల కోసమే కాచుకుని ఉందనుకునేవాణ్ణి.

ఓ ఊళ్లో ఫిరంగి గుండు పడి ఇల్లు కూలింది. దాని ముందు మూడు శవాల పక్కన కూర్చున్న ముసలావిడ తన కొడుకు, కోడలు, మనవరాలి పేర్లు చెప్పి, నా వచ్చీరాని హిందీ మీద అనుమానంతో నా చేత తిరిగి చెప్పించుకుని, "రాస్తావుగా?" అంది. రాస్తానన్నాను. ఫోను దొరికాక వార్తంతా చదివి వినిపించాను. "ఆయ్, చాలా బాగుంది బాబూ. హెల్మెట్ ఫోటో అందిందిలే" అన్నారు ఇన్‌ఛార్జి గారు. "ఆ పేర్లు మాత్రం తీసేయకండి" అన్నాను. "నేనెందుకు తీస్తాను బాబూ?"

మన కుర్రాడు కనక మన పేజీకే చెందుతాడని వార్తని జిల్లా పేజీలో వేశారు. పైన 'యుద్ధభూమిలో రాజోలు కుర్రాడు', కింద నవ్వుతూ నేను, పక్కన చీరల దుకాణం ప్రకటన. చోటు చాలక పేర్లున్న పేరా లేపేశారు. తిరిగొచ్చాక ఊళ్లోవాళ్లు సన్మానం పెట్టి నాకు శాలువా కప్పి, "అక్కడ చలెక్కువాండీ?" అని అడిగారు. ఒళ్లు మండిపోయింది. (శాలువా తీయలేదు, ఫోటో తీస్తున్నారు.)

ఇప్పుడు చరిత్ర రాస్తున్నాను, అందులో చీరల ప్రకటనలుండవు కదా అని. మొన్న ఆ యుద్ధం మీద నా పుస్తకం రాతప్రతి చదివిన ప్రచురణకర్త ఎంతో మర్యాదగా, "ఈ ముగ్గురూ చనిపోయేరనడానికి ఆధారం ఏదండీ?" అన్నారు.

"నేను చూశానండి."

"మీరు చూసేరు, కాదనను. అచ్చులో ఎక్కడైనా ఉందాండీ? లేకపోతే చరిత్రలో వద్దండీ. జ్ఞాపకాల్లో రాసుకోండి. కాస్త హాస్యంగా ఉంటే పత్రికలవాళ్లు వేసుకుంటారు."

అందుకే ఇక్కడ రాస్తున్నాను: గుర్మీత్, సిమ్రన్, పసిపిల్ల జస్సీ. మా అమ్మ పటం కట్టించిన ఆ పేజీ ఇంకా మా హాల్లోనే ఉంది. హెల్మెట్ కింద ఆ కుర్రాడు ధీమాగా నవ్వుతుంటాడు. వాణ్ణి చూస్తే నాకూ నవ్వొస్తుంది. పాపం, వాడింకా మర్నాటి పేపరు చూడలేదు.