కొసరు అడిగే తక్ అన్న

మా తక్ పన్‌సు అన్న కొసరు లేనిదే ఏదీ పుచ్చుకోడు. మా గని ఊరి సంతలో ముల్లంగి కొంటే పైన ఉల్లికాడలు అడుగుతాడు. క్షవరానికి వెళితే ముక్కులో వెంట్రుకలు కొసరు. ఆస్పత్రిలో ఛాతీకి ఎక్స్‌రే తీస్తుంటే, "ఎలాగూ చొక్కా విప్పాను కదా, ఈ మోకాలికీ ఒకటి లాగించు నాయనా" అని బతిమాలాడు.

ముప్పయ్యేళ్ళు బొగ్గు తవ్వి ఊపిరితిత్తుల నిండా ధూళి నింపుకున్న మనిషి. పదకొండేళ్ళ కిందట డాక్టరమ్మ, "ఈ దశలో సాధారణంగా ఐదేళ్ళండీ" అంటే, "సరే తల్లీ, పైన కొసరెంత?" అన్నాడట. ఊరంతా పడీపడీ నవ్వింది.

నిరుడు, అదే గనిలో పనిచేసిన నాకూ ఆ ఐదేళ్ళ మాట చెప్పారు. నాకు నవ్వు రాలేదు. మందు పీల్చడం మానేశాను, నడక మానేశాను, కొత్త చలికోటు తమ్ముడికిచ్చేశాను. మా ఆవిడ చలికాలానికి కిమ్చి పచ్చడి పెట్టే జాడీలు కడుగుతుంటే, "ఇన్నెందుకే, ఒక్కటి చాల్లే" అన్నాను. ఆవిడ జాడీ పక్కన పెట్టి ఏడ్చింది.

మర్నాడే తక్ అన్న వచ్చి నన్ను ఆస్పత్రికి లాక్కుపోయాడు. దారిలో నాలుగుసార్లు ఆగి రొప్పాడు. ఆగిన ప్రతిసారీ నన్ను తిట్టాడు.

నన్ను ముందుకు తోసి అన్నాడు: "డాక్టరమ్మా, ఇదిగో ఈ మా ప్యో ఐదేళ్ళతో సరిపెట్టుకున్నాడు, వెర్రిబాగులవాడు. వీడికి కొసరెంతో చెప్పు."

"ఇదేమన్నా సంతా పెద్దాయనా?" అని ఆవిడ నా వైపు తిరిగింది. "ఐదేళ్ళంటే గడువు కాదండీ. మీలాంటివాళ్ళలో సగం మంది అది దాటాక కూడా ఉంటారు. మందు పీల్చండి, రోజూ నడవండి, ఫ్లూ టీకా వేయించుకోండి, సిగరెట్ ముట్టకండి. ఖాయమని చెప్పలేను గానీ, అవకాశం పెరుగుతుంది."

"చూశావా! అడక్కపోతే ఇచ్చేదా?" అని అన్న దర్జాగా బయటికి నడిచాడు.

నేను గొంతు తగ్గించాను. "ఇది బేరం కాదని పదకొండేళ్ళయినా ఈయనకి అర్థం కాలేదాండీ?"

"మొదటిరోజే అర్థమైంది. మీ గనివాళ్ళు భయమేస్తే నోరు విప్పరు కదా! అలాంటివాళ్ళని వెంటబెట్టుకొచ్చి, వాళ్ళ బదులు తనే అడుగుతాడు. మీరు పద్నాలుగోవారు."

నాకు సిగ్గేసింది. ఆవేళ మిగతా జాడీలు నేనే కడిగాను.

పక్క గనిలో పనిచేసిన కుక్ అనే అతను పోయినవారం అదే ఐదేళ్ళ మాట విని మొహం వేలాడేసుకుని మా దగ్గరికి వచ్చాడు. ముగ్గురం డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. తక్ అన్నకి దగ్గుతెర వచ్చి మాట పెగల్లేదు. మోచేత్తో నన్నొక్క పోటు పొడిచాడు.

నేను గొంతు సవరించుకుని, "డాక్టరమ్మా, మావాడికి కొసరెంత?" అన్నాను.

ఆవిడ నవ్వు బిగబట్టుకుని, కుక్ వైపు కుర్చీ జరుపుకుని, "ఐదేళ్ళంటే గడువు కాదండీ" అని మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది.