శవాలు లేచే సినిమాలు, మా పెద్దబాపు

మా పెద్దబాపు పోయాడని మొన్న పొద్దున హుస్నాబాద్‌లో మా పక్కింటివాళ్ల ఫోనుకు కబురు వచ్చింది. మా బాపుకు అన్న ఆయన. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. వినగానే నాకు ఏడుపు రాలేదు. ఆయన నవ్వు గుర్తొచ్చింది, నామీద నాకే అసహ్యం వేసింది. ఎందుకో చెబుతాను.

ఆయనకు ఒకటే పిచ్చి, శవాలు లేచి తిరిగే ఇంగ్లీషు సినిమాలు. ఉత్తగా భయపెట్టేవి కాదు, భయం పేరుతో అడ్డగోలుగా నవ్వించేవి. సెలవు రోజు మధ్యాహ్నం వీసీఆర్ కిరాయికి తెచ్చి, కిటికీలకు చద్దర్లు కట్టి, బాయి పనివాళ్ల క్వార్టర్లలో ఉన్నవాళ్లందరినీ పిలిచి కూర్చోబెట్టేవాడు. ఆ భాష మాలో ఒక్కరికీ రాదు. శవాల మాటలన్నీ ఆయనే చెప్పేవాడు. తల ఊడిన శవం తడుముకుంటూ తిరుగుతుంటే, "అరే, నా తల్కాయ ఏడ వెట్టిన్నే? జర సూడుండ్రి" అనేవాడు. పార దెబ్బకు ఒకటి కూలిపోతే పిల్లలు బిక్కమొహం వేసేవారు. "ఫికర్ జెయ్యకుండ్రి, మల్ల లేస్తడు" అనేవాడు. నిజంగానే లేచేది. గోడలన్నీ నెత్తురు చిమ్ముతుంటే మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. అవి చూసినవాళ్లకు తెలుసు, ఘోరాన్ని మరీ అంత మితిమీరి చూపిస్తే భయం నిలవదు.

ఆ తర్వాత ఆయన ఒక్కగానొక్క కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద, అదే బాయిలో పనికి కుదిరాడు. ఒకరోజు లోపల కప్పు కూలింది, నీళ్లు ముంచెత్తాయి. రోజుల తరబడి వెతికారు. అన్న దొరకనే లేదు.

ఏడాది తిరగకముందే పెద్దబాపు మళ్లీ వీసీఆర్ తెచ్చాడు. ఈసారి పిలిచినా ఎవరూ రాలేదు. నేను వెళ్లేసరికి ఒక్కడే కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"అన్న పోయి ఏడాది గూడ గాలే. సచ్చినోళ్లను సూసి నవ్వుడు ఎట్లొస్తుందే నీకు? సిగ్గనిపిస్తలేదా?" అన్నాను.

ఆయన కోపానికి రాలేదు. సినిమాలో బయట శవాలు తలుపు గుద్దుతున్నాయి, లోపల ఇంటివాళ్లు పలకలు అడ్డం పెట్టి మేకులు కొడుతున్నారు.

"సచ్చినోళ్లను గాదు బిడ్డా, గీ బతికినోళ్లను సూసి నవ్వుతున్న. పోయిన పిలగాడు ఇంటికొస్తే తలుపులు మూస్తుండ్రు. గింత పిచ్చోళ్లు ఉంటరా? మనోడు గిట్ల ఒక్క చెయ్యితోని వచ్చినా సరే, నేనైతే తలుపు తీస్త. బువ్వ వెడ్త."

బయటికి వచ్చేశాను. తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా, తప్పయిందే అన్న ఒక్క మాట నా నోట రాలేదు. ఆయన మాత్రం ఆ సినిమాలు మానలేదు. "నవ్వితే దగ్గొస్తది, నవ్వకుంటే పాణం వోతది" అనేవాడు. ఇప్పుడు తప్పయిందని ఎవరికి చెప్పుకోను?

శ్మశానానికి వెళ్తూ సగం దారిలో పాడె కిందికి దించారు. దింపుడు కళ్లం. ప్రాణం ఏ మూలనైనా ఉందేమోనని కొడుకు వంగి చెవిలో మూడుసార్లు పిలవాలి. తన కొడుకును అలా పిలుచుకుందామంటే ఆయనకు శవమైనా దొరకలేదు. ఈయనను పిలవడానికి కొడుకు లేడు. పెద్దమ్మ ఇంటి దగ్గరే నా చెయ్యి పట్టుకుని, "పెద్దబాపు అనకు బిడ్డా. బాపు అను, మీ అన్న పిలిసినట్టు" అని చెప్పి పంపింది.

వంగి పిలిచాను. బాపూ. బాపూ. బాపూ.

మా అవ్వ తోడు, లేస్తాడనే అనుకున్నాను. దారి పొడుగునా చల్లిన పేలాల్లో ఒకటి ఆయన ముక్కు కింద, పై పెదవి మీద ఆగి ఉంది. ఊపిరి తగిలితే జారిపడాలి. మోసేవాళ్లు "పొద్దు వోతుంది, ఇగ జరుగు" అంటున్నా దాన్నే చూస్తూ కూర్చున్నాను. అది కదలలేదు.